మీ ఫిఫ్టీ ఫిఫ్టీ ఏ రకం?

ఈ మధ్య బాగా అరిగిపోయిన మాటల్లో ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ ఒకటి. ఉద్యోగం వస్తుందా అంటే ఫిఫ్టీ ఫిఫ్టీ. వీసా వస్తుందా అంటే ఫిఫ్టీ ఫిఫ్టీ. సాయంత్రం వాన పడుతుందా అన్నా అదే జవాబు. చెప్పేవాళ్లకి సుఖం, వినేవాళ్లకి ఏదో లెక్క విన్నట్టు తృప్తి.

కానీ ఈ ఒక్క మాట వెనక కనీసం మూడు వేర్వేరు సంగతులు దాక్కుంటాయి.

మొదటిది క్రికెట్ మ్యాచ్‌లో టాస్. నాణెం గురించి తెలుసుకోవాల్సినదంతా మనకి తెలుసు. రెండు వైపులు, రెండూ సమానం. ఇది నిఖార్సయిన ఫిఫ్టీ ఫిఫ్టీ.

రెండోది శుక్రవారం రిలీజయ్యే ఒక సినిమా. హీరో కొత్త, డైరెక్టర్ కొత్త, టీజర్ కూడా మీరు చూడలేదు. బాగుంటుందా అని అడిగితే ‘ఏమో, ఫిఫ్టీ ఫిఫ్టీ’ అంటారు. ఇక్కడ అసలు సంగతి, మీకేమీ తెలియదు.

మూడోది ఇంకో సినిమా. బెనిఫిట్ షో చూసొచ్చిన ఒక ఫ్రెండ్ ‘అదిరిపోయింది’ అన్నాడు. అదే షో చూసిన ఇంకో ఫ్రెండ్ ‘డబ్బులు దండగ’ అన్నాడు. మళ్లీ ఫిఫ్టీ ఫిఫ్టీయే. కానీ ఇప్పుడు మీకు సమాచారం లేకపోవడం కాదు, ఎక్కువై కొట్టుకుంటోంది.

మూడింటికీ ఒకటే అంకె. మరి మీరు చేసే పని ఒకటేనా? టాస్ దగ్గర ఆలోచించి లాభం లేదు, హెడ్స్ అనో టెయిల్స్ అనో అనేయడమే. కొత్త సినిమా అయితే ట్రైలర్ వచ్చేదాకా ఆగుతారు. ఫ్రెండ్స్ గొడవలో అయితే ఆగి ప్రయోజనం లేదు, వాళ్లిద్దరి సంగతి చూడాలి. మొదటివాడు ఆ హీరోకి వీరాభిమానా? రెండోవాడు సగంలో నిద్రపోయాడా? అంటే ఇప్పుడేం చెయ్యాలో చెప్పే ముక్కనే ఆ ‘యాభై’ అనే అంకె మింగేస్తోంది.

పిన్ని గొంతు దగ్గర గడ్డ

ఈ తేడా నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లో ఎదురైంది.

మా పిన్ని కాకినాడలో ఒక స్కూల్లో తెలుగు టీచర్. పద్యం ఎత్తుకుంటే పక్క సెక్షన్ పిల్లలు కూడా వింటారు. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్ ‘మెడ దగ్గర ఏదో ఉబ్బినట్టుందండీ’ అని చూపించిందట. స్కానింగ్ చేయించారు. థైరాయిడ్‌లో గడ్డ, టైరాడ్స్ 5. అంటే స్కాన్ చూసిన డాక్టర్ లెక్కలో బాగా అనుమానించాల్సిన గడ్డ. తర్వాత సూదితో కణాలు తీసి చూసే పరీక్ష, అదే ఎఫ్‌ఎన్‌ఏసీ, చేయించారు. ఆ రిపోర్టులో క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే అని ఉంది.

రెండు రిపోర్టులూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పడ్డాయి. నేను హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం చేస్తాను కాబట్టి బాబాయ్ నుంచి వెంటనే ఫోన్.

‘ఒరేయ్, ఒకళ్లు అవునంటున్నారు, ఒకళ్లు కాదంటున్నారు. అంటే సగం సగమే కదా? లెక్కలు చేసేవాడివి నువ్వే, ఒక్క ముక్కలో చెప్పు.’

‘సగం అని ఎలా చెప్తాం బాబాయ్, ముందు డాక్టర్‌ని అడుగుదాం’ అన్నాను.

అత్తయ్య అయితే అప్పటికే తేల్చేసింది. ఆపరేషన్ చేయించేస్తే గొడవ వదిలిపోతుందని. పిన్ని మాత్రం ఏమీ మాట్లాడలేదు. థైరాయిడ్ గ్రంథికి వెనకే స్వరతంత్రుల్ని కదిలించే నరం వెళుతుంది. ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగిలే అవకాశం తక్కువేగానీ లేకపోలేదని ఆమెకి చెప్పారు. గొంతు పోతే ఆమెకి పోయేది పాట కాదు, జీతం. అలాగని నిజంగా క్యాన్సరై ఉండి ఊరుకుంటే? ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

నేను సెలవు పెట్టి వెళ్లి పిన్నితో పాటు డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఆయన శాతం ఏమీ చెప్పలేదు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి ఒకటే ప్రశ్న అడిగారు.

‘సూది స్కాన్‌లో చూస్తూ గుచ్చారా, చేత్తో తడిమి గుచ్చారా?’

చేత్తో తడిమి. స్కాన్‌లో అనుమానం కలిగించిన భాగం గడ్డ కింది వైపున్న చిన్న మచ్చ. సూది అక్కడికి వెళ్లిందో లేదో ఎవరికీ తెలియదు. స్కాన్ ఆ మచ్చ గురించి చెప్తోంది. సూది తను వెళ్లిన చోటు గురించి చెప్తోంది. ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. ఈసారి స్కాన్‌లో చూస్తూ మళ్లీ సూది గుచ్చాలన్నారు.

ఆయన రెండు సాక్ష్యాల్నీ సగటు చెయ్యలేదు. గొడవ ఎక్కడుందో చూశారు. సగటు చేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

తేలలేదు అనడానికీ గడి ఉంది

రెండో సూది రిపోర్టు వచ్చింది. బెథెస్డా కేటగిరీ 3. అంటే కణాల్లో ఏదో తేడా కనిపిస్తోంది, కానీ దాని అర్థం ఇదీ అని తేల్చలేం.

‘మళ్లీ ఫిఫ్టీ ఫిఫ్టీయేనా!’ అన్నాడు బాబాయ్.

‘కాదండీ’ అన్నారు డాక్టర్. ‘ముందు రెండు రిపోర్టులు గట్టిగా మాట్లాడి పోట్లాడుకున్నాయి. ఇప్పుడు ఒకే రిపోర్టు, నాకు తేలట్లేదు అని ఒప్పుకుంటోంది. ఆ గొడవ వేరు, ఇది వేరు.’

ఆ రాత్రి బెథెస్డా పట్టిక గురించి చదివాను. అమెరికాలోని బెథెస్డాలో 2007లో జరిగిన సమావేశం నుంచి వచ్చిన పద్ధతి ఇది. థైరాయిడ్ సూది పరీక్షకి ఆరు గడులు. రెండోది మామూలు గడ్డ, ఆరోది క్యాన్సర్. నన్ను ఆపేసినవి ఒకటో గడి, మూడో గడి. ఒకటోది ‘చూడడానికి సరిపడా కణాలే రాలేదు’. మూడోది ‘కణాలు వచ్చాయి, చూశాం, అయినా తేలలేదు’. మామూలు మాటల్లో రెండింటినీ ‘తెలియదు’ అనేస్తాం. పాథాలజిస్టులు మాత్రం విడివిడిగా పెట్టారు. 2017లో సవరించిన పట్టిక ప్రకారం ఒకటో గడిలో క్యాన్సర్ అవకాశం 5 నుంచి 10 శాతం, మూడో గడిలో 10 నుంచి 30 శాతం. రెండో గడిలో 3 శాతం లోపే. 2023లో ఈ అంకెల్ని మళ్లీ సవరించారు.

గమనించండి, ‘తెలియదు’ అనే రెండు గడుల్లో ఒక్కటి కూడా యాభై దగ్గర లేదు. మనకి తెలియకపోవడం అంటే సగం సగం అని కాదు.

అవును, కాదు కలిపి ఒకటి కాకపోతే?

మనం కాలేజీలో చదివే సంభావ్యతకి గట్టి పునాది వేసినవాడు రష్యన్ గణితవేత్త కోల్మొగొరోవ్, 1933లో. అందులో ఒక సంగతి తప్పించుకోలేనిది. ‘అవును’కి ఇచ్చిన భాగం, ‘కాదు’కి ఇచ్చిన భాగం కలిపితే కచ్చితంగా ఒకటి. అవునుకి 0.7 ఇస్తే కాదుకి 0.3 తనంతట తనే పడిపోతుంది. ‘నాకు తెలియదు’కి వేరే కుర్చీ లేదు. ‘రెండూ బలంగానే ఉన్నాయి’కి అసలు చోటే లేదు.

జనం అలా ఆలోచించరని 1961లో డేనియల్ ఎల్స్‌బర్గ్ చూపించాడు. పదేళ్ల తర్వాత వియత్నాం యుద్ధం మీద పెంటగాన్ రహస్య పత్రాలు బయటపెట్టింది ఈయనే. రెండు పెట్టెలు ఊహించుకోండి. మొదటిదాంట్లో 50 ఎర్ర బంతులు, 50 నల్ల బంతులు. రెండోదాంట్లో ఎరుపు నలుపు కలిపి వంద, ఏవి ఎన్నో తెలియదు. ఎరుపు వస్తే మీకు డబ్బు అంటే చాలామంది మొదటి పెట్టెనే ఎంచుకుంటారు. సరే, నలుపు వస్తే డబ్బు అన్నా మొదటి పెట్టెనే ఎంచుకుంటారు! రెండో పెట్టెలో ఎరుపు సగం కంటే తక్కువ అనుకుంటే నలుపు ఎక్కువ ఉండాలి కదా. అదీ వద్దంటున్నారు. అంటే వాళ్ల మనసులో ఉన్నది ఒక్క అంకెలో ఇమడదు.

ఇమడని ఆ భాగానికి చోటివ్వాలని చాలామంది ప్రయత్నించారు. ఆర్థర్ డెంప్‌స్టర్ 1967లో మొదలుపెట్టిన దాన్ని గ్లెన్ షేఫర్ 1976లో పుస్తకంగా విస్తరించాడు. వాళ్ల లెక్కలో అవునుకి 0.3, కాదుకి 0.2 ఇచ్చి, మిగతా 0.5 ‘ఇంకా తెలియదు’ ఖాతాలో ఉంచుకోవచ్చు. 1977లో న్యూయెల్ బెల్నాప్ అనే తర్కవేత్త, నలుగురు నాలుగు రకాలుగా సమాచారం ఇస్తుంటే కంప్యూటర్ ఎలా ఆలోచించాలి అని అడిగి నాలుగు గడులు పెట్టాడు. అవునని మాత్రమే విన్నాం, కాదని మాత్రమే విన్నాం, రెండూ విన్నాం, ఏదీ వినలేదు.

ఆ ‘రెండూ విన్నాం’ గడి ఎందుకంటే, మామూలు తర్కానికి పరస్పర విరుద్ధం అస్సలు పడదు. ఒక్కటి దూరినా దాన్నుంచి దేన్నయినా నిరూపించేయొచ్చు. మీ పదో తరగతి మెమోలో ఒక పుట్టిన తేదీ, ఇంకో కార్డులో మరో తేదీ ఉందనుకోండి. మామూలు తర్కాన్ని అక్షరాలా పాటించే కంప్యూటర్ దాన్నుంచి మీరు చంద్రుడి మీద పుట్టారని కూడా తేల్చగలదు. బ్రెజిల్‌కి చెందిన న్యూటన్ డ కోస్తా లాంటివాళ్లు 1960ల నుంచే, విరుద్ధం వచ్చినా కుప్పకూలని తర్కాలు కట్టుకుంటూ వచ్చారు. ‘ఇక్కడ గొడవ ఉంది’ అని గుర్తుపెట్టుకుని మిగతా పని కానిస్తాయి అవి.

ఇంకో అడుగు ముందుకేసినవాడు రుమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఫ్లోరెంటిన్ స్మరాండాకే. 1990ల్లో ఆయన న్యూట్రోసాఫిక్ అనే పేరుతో మూడు అంకెల పద్ధతి తెచ్చాడు. నిజానికి ఒకటి, అబద్ధానికి ఒకటి, తేలనిదానికి ఒకటి. మూడూ సున్నా నుంచి ఒకటి దాకా దేనికదే మారొచ్చు కాబట్టి కలిపితే మూడు దాకా పోవచ్చు. ఒకటి దాటితే సాక్ష్యాలు గొడవపడుతున్నాయని, ఒకటికి చేరకపోతే సమాచారం చాలలేదని చదువుకోవచ్చు. పిన్ని మొదటి రెండు రిపోర్టుల్ని ఊరికే ఉదాహరణకి ఇలా రాసుకోవచ్చు: క్యాన్సర్ అనడానికి 0.7, కాదనడానికి 0.8, తేలనిది 0.2. ఆ 1.7 చూడగానే ఎక్కడో తిరకాసుందని తెలిసిపోతుంది.

ఊరికే రాదు ఈ సౌకర్యం

ఇదంతా విని పాత లెక్క తప్పు అనుకోకండి. సంప్రదాయ సంభావ్యత వాళ్ల దగ్గర మంచి జవాబే ఉంది. అవునుకి 0.7, కాదుకి 0.6 అని నమ్మేవాడితో పందెం కాయండి. అవునైతే వంద ఇచ్చే టికెట్ అతను 70 రూపాయలకి కొంటాడు. కాదంటే వంద ఇచ్చే టికెట్ 60కి కొంటాడు. మొత్తం 130 పెట్టాడు, ఏది జరిగినా వచ్చేది వందే. ముప్పై రూపాయలు గ్యారంటీగా పోయినట్టే. రామ్సే, డి ఫినెట్టి లాంటివాళ్లు దాదాపు వందేళ్ల క్రితమే ఈ సంగతి చెప్పారు.

కాబట్టి ఒకటి దాటే అంకెలు పందేనికి పనికిరావు. అవి సాక్ష్యాలు ఎవరివైపు ఎంత బరువున్నాయో రాసుకునే ఖాతా. చివరికి ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని తేల్చేటప్పుడు మళ్లీ మామూలు లెక్కకి రావాల్సిందే. ఫిలిప్ స్మెట్స్ అనే బెల్జియం పరిశోధకుడు సరిగ్గా ఇలాగే రెండంతస్తులుగా విడదీశాడు. పై అంతస్తులో ఏం తెలుసో రాసుకోవడం, కింది అంతస్తులో నిర్ణయం. న్యూట్రోసాఫిక్ పద్ధతి మీదైతే, ఆ మూడు అంకెలు ఎక్కణ్నుంచి తెస్తారు, వాటినెలా కలుపుతారు అనే ప్రశ్నలున్నాయి. గణితవేత్తలందరూ దాన్ని ఒప్పుకోలేదు.

కొత్త లెక్కలు కూడా బోల్తా కొడతాయని చూపించిన ఉదాహరణ ఒకటుంది. ఫజీ సెట్ల సృష్టికర్త లోత్ఫీ జాదే 1979లో చెప్పింది. ఒక రోగిని ఇద్దరు డాక్టర్లు చూశారు. మొదటాయన మెనింజైటిస్ 99 శాతం, బ్రెయిన్ ట్యూమర్ 1 శాతం అన్నాడు. రెండో ఆయన తలకి దెబ్బ 99 శాతం, ట్యూమర్ 1 శాతం అన్నాడు. డెంప్‌స్టర్ సూత్రంతో కలిపితే ఎంత వస్తుందో తెలుసా? ట్యూమర్ నూటికి నూరు శాతం! ఇద్దరూ దాదాపు లేదన్నదే ఖాయమైపోయింది. కారణం, ఆ సూత్రం ఇద్దరూ విభేదించిన భాగాన్ని పూర్తిగా పారేసి, కలిసిన ఆ కాస్త ముక్కనే మొత్తంగా సాగదీస్తుంది. ఇక్కడ పారేసిన భాగం 99.99 శాతం.

నాకు ఇందులో కనిపించింది ఒక్కటే. పాత లెక్కయినా కొత్త లెక్కయినా, గొడవని పారేస్తే మోసపోతాం. బాబాయ్ సగటుతో పారేశాడు, ఆ సూత్రం కోతతో పారేసింది.

కాకినాడలో ఉన్న హాల్డేన్

ఈ చదువులో మా ఊరి పేరు తగలడం నేను ఊహించలేదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ 1954లో ఒక వ్యాసంలో జైనుల స్యాద్వాదాన్ని స్టాటిస్టిక్స్ ఆలోచనతో పోల్చాడు. 1957లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ అదే ఇన్‌స్టిట్యూట్‌లో చేరడానికి ఇండియా వచ్చేశాడు. ఆ ఏడాదే వాళ్ల పత్రిక ‘సాంఖ్య’లో స్యాద్వాదం మీద వ్యాసం రాశాడు.

జైనులు ఒక విషయం గురించి ఏడు రకాలుగా మాట్లాడొచ్చంటారు. ఒక దృష్టిలో ఉంది. ఒక దృష్టిలో లేదు. ఉంది, లేదు కూడా. చెప్పలేం. ఉంది, కానీ చెప్పలేం. లేదు, కానీ చెప్పలేం. ఉంది, లేదు, చెప్పలేం. చాదస్తంలా ఉందా? హాల్డేన్ దీన్ని ల్యాబ్‌లోకి తెచ్చాడు. ఒక మనిషికి చాలా మసక వెలుతురు చూపించండి, లేదా చాలా పలచటి చేదు నీళ్లు ఇవ్వండి. తెలుస్తోందా అని పదేపదే అడగండి. అవును, కాదు, చెప్పలేను, ఈ మూడు జవాబులూ ఒప్పుకోండి. ఒకడు ఎప్పుడూ అవునే అనొచ్చు, ఇంకొకడు కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు, కొన్నిసార్లు చెప్పలేను అనొచ్చు. మూడు జవాబుల్లో కనీసం ఒకటైనా వచ్చే కలయికలు ఎన్ని? రెండు రెట్లు రెండు రెట్లు రెండు, అందులోంచి ఏదీ లేని ఒకటి తీసేస్తే, ఏడు. సరిగ్గా ఏడు.

హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. తన శరీరాన్ని విద్యార్థులు చదువుకోవడానికి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. పిన్నికి ఈ సంగతి చెప్తే ‘ఆ కాలేజీ గోడ పక్కనుంచే రోజూ స్కూలుకెళ్తాను కదరా’ అంది. తనూ తెలుగు టీచరే కాబట్టి ‘చెప్పలేం’ అన్నది కూడా ఒక జవాబేనని ఆమెకి వెంటనే పట్టేసింది.

తర్వాత ఏమైంది

మూడు నెలలు ఆగి, స్కాన్‌లో చూస్తూ మూడోసారి సూది గుచ్చారు. కేటగిరీ 2, మామూలు గడ్డ. మొదటి రిపోర్టులో ఉన్న మాటే ఇది. కానీ డాక్టర్ ఈ రెండింటికీ ఒకే విలువ ఇవ్వలేదు. మొదటిదానికి సూది ఎక్కడికెళ్లిందో తెలియదు, దీనికి తెలుసు. ఆపరేషన్ ఇప్పటికి వద్దు, ఆర్నెల్లకోసారి స్కాన్ చూద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. గడ్డ అక్కడే ఉంది. గొంతూ అక్కడే ఉంది, పక్క సెక్షన్‌కి ఇంకా వినిపిస్తూనే.

ప్రతి గడ్డకీ ఇదే దారి అని కాదు, మీ రిపోర్టుకి మీ డాక్టరే. కానీ ఎవరైనా మీకు ఫిఫ్టీ ఫిఫ్టీ అని చెప్తే, అది రిపోర్టు గురించైనా, ఉద్యోగం గురించైనా, అప్పు తిరిగొస్తుందా అన్నదైనా, ఒక్క ప్రశ్న అడగండి. అన్నీ తెలిసి సగమంటున్నారా, ఏమీ తెలియక సగమంటున్నారా, లేక ఇద్దరు చెరో మాట చెప్పారా? మొదటిదైతే ధైర్యం చేసి ఏదో ఒకటి ఎంచుకోండి. రెండోదైతే ఆగి సమాచారం తెచ్చుకోండి. మూడోదైతే ఆ ఇద్దరూ ఎక్కడ నిలబడి చూశారో కనుక్కోండి.

బాబాయ్‌కి ఈ మధ్య ఇది అలవాటైపోయింది. మొన్న గ్రూప్‌లో ఎవరో తుపాను వస్తుందా రాదా, ఫిఫ్టీ ఫిఫ్టీ అని పెడితే, కింద ఆయన మెసేజ్: ‘ఏ రకం?’